కాంకరెంట్ అంటే ‘ఏకకాలం’ ఒక్కటేనా?

ప్రశ్న: అయ్యా, కోర్టు తీర్పులను తెలుగులోకి అనువదించే పనిలో ఈమధ్యే చేరాను. ‘కాంకరెంట్’ అనే ఇంగ్లీషు మాట ఎక్కడ కనిపించినా ‘ఏకకాల’ అని రాస్తూ వచ్చాను. మొన్న ఒక ఆస్తి దావాలో ‘కింది రెండు కోర్టుల ఏకకాల నిర్ధారణలు’ అని రాస్తే, మా దగ్గర పెద్దాయన ఒకరు ఆ కాగితం నా ముందు పెట్టి, ‘మొదటి కోర్టు తీర్పు వచ్చిన ఆరేళ్లకు రెండో కోర్టు తీర్పు వచ్చింది. ఏకకాలం ఎట్లా అవుతుందమ్మా?’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొస్తే తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి లెక్కల పుస్తకంలో అదే మాటకు ‘మిళిత రేఖలు’ అని ఉంది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మా తమ్ముడు ‘కాంకరెన్సీ అంటే ఒకేసారి జరగడం కాదక్కా’ అంటున్నాడు. ఈ మాట ఎక్కడ పుట్టింది? ఎక్కడ ఏమని రాయాలి? ఇప్పటికే రాసేసిన వాటి సంగతేమిటి?

జవాబు: అమ్మా, మీ పెద్దాయన చెప్పింది నిజం. మీ తమ్ముడు చెప్పిందీ నిజమే. మీరు రాసిన ‘ఏకకాలం’ కూడా కొన్నిచోట్ల సరైన మాటే. చిక్కంతా ఎక్కడుందంటే, ఈ మాట పుట్టినప్పుడు అందులో కాలం లేదు. పరుగు ఉంది.

లాటిన్‌లో ‘కుర్రెరే’ అంటే పరుగెత్తడం. దానికి ముందు ‘కలిసి’ అనే అర్థమిచ్చే ‘కాన్’ చేరితే ‘కాంకుర్రెరే’. నలుగురూ నాలుగు దిక్కుల నుంచి ఒకచోటికి పరుగెత్తి రావడం అన్నమాట. ఈ కుర్రెరే సంతానం మన ఇళ్లలో చాలానే తిరుగుతోంది. కరెంటు పోయింది అంటాం కదా, ఆ కరెంటు ఇదే. తీగలో పారేది, పరుగెత్తేది. చేతులు మారుతూ పరుగులు తీసే డబ్బు కరెన్సీ. దాన్నే మనం నడక మాటతో ‘చలామణి’ అన్నాం. ఉత్తరం పట్టుకుని పరుగెత్తేవాడు కొరియర్. తెర మీద పరుగెత్తే గీత కర్సర్. పిల్లలు బడి నుంచి బయటకు పరుగుతీస్తే ఎక్స్‌కర్షన్, అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని పరుగెడితే కర్సివ్ రాత. కోర్సు, కరిక్యులం, కారిడార్ అన్నీ ఆ ఇంటివే. హైదరాబాద్ మెట్రో స్టేషన్‌లో రోడ్డుకీ ప్లాట్‌ఫారానికీ మధ్య ఉండే అంతస్తును కాంకోర్స్ అంటారు. అది కాంకరెంట్‌కు స్వయానా తోబుట్టువు. జనం అన్ని వైపుల నుంచీ వచ్చి కలిసే చోటు.

ఇప్పుడు ఒక బొమ్మ ఊహించుకోండి. ఇద్దరు మనుషులు చెరో వైపు నుంచి ఒకే చోటికి పరుగెత్తి వస్తున్నారు. కలుసుకున్నాక ఏం జరుగుతుంది? చేతులు కలపొచ్చు. కొట్టుకోవచ్చు కూడా. లాటిన్ మాటకు ఈ రెండర్థాలూ ఉండేవి. సైన్యాలు ఎదురెదురుగా ఉరికి ఢీకొన్నా అదే క్రియ వాడేవారు. ఈ రెండు దారుల్లో ఐరోపా భాషలు తలో దారీ పట్టాయి. ఫ్రెంచిలో నేటికీ ‘కాంకరెంట్’ అని రాసే మాటకు పోటీదారు అని అర్థం. జర్మన్‌లో ‘కొంకురెన్స్’ అంటే పోటీ. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలకు వ్యాపార పాఠాల్లో ఈ మాట ఎదురయ్యే ఉంటుంది. ఇంగ్లీషులోకి 14వ శతాబ్దం చివర్లో వచ్చిన కాంకరెంట్ మాత్రం ‘ఒకే ఫలితం కోసం కలిసి పనిచేసే’ అనే అర్థంతో అడుగుపెట్టింది. ‘కాంకర్’ అనే క్రియకు 15వ శతాబ్దంలో ఢీకొనడం అనే అర్థం కొంతకాలం ఉండి, తర్వాత పోయింది. 16వ శతాబ్దం చివరికి అదే క్రియకు ‘అభిప్రాయం కలవడం’, ‘ఒకే సమయంలో జరగడం’ అనే అర్థాలు స్థిరపడ్డాయి.

అంటే మీరు ఎంచుకున్న ‘ఏకకాలం’ ఈ మాటకున్న అర్థాల్లో ఒకటి. మూలార్థం కాదు. కాంకరెంట్ కనిపించగానే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటే: ఇక్కడ పరుగెత్తుతున్నవి ఏవి, అవి ఎక్కడ కలుస్తున్నాయి?

మీ ఆస్తి దావాకు ఈ ప్రశ్న వేసి చూడండి. ట్రయల్ కోర్టు సాక్ష్యాలు చూసి స్థలం వాదిదే అంది. ఆరేళ్ల తర్వాత అప్పీలు కోర్టూ అదే మాట అంది. రెండు ఆలోచనలు వేర్వేరు దారుల్లో నడిచి ఒకే నిర్ధారణ దగ్గర కలిశాయి. కలిసింది అభిప్రాయం, కాలం కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షన్ కింద రెండో అప్పీలు హైకోర్టుకు వెళ్లినప్పుడు ఈ మాట ఎక్కువగా కనబడుతుంది. అక్కడ గట్టి చట్టపరమైన ప్రశ్న ఉంటేనే విచారణ. వాస్తవాల మీద రెండు కోర్టులూ ఒకే మాట చెప్పి ఉంటే హైకోర్టు మామూలుగా అందులో వేలుపెట్టదు. కాబట్టి ‘కింది రెండు కోర్టులూ ఈ విషయంలో ఒకే నిర్ధారణకు వచ్చాయి’ అని రాయండి. నామవాచకమే కావాలంటే ‘ఏకీభవించిన నిర్ధారణలు’. నాకైతే మొదటిదే ఇష్టం. ‘వచ్చాయి’ అనడంలో ఆ పాత పరుగు ఇంకా వినిపిస్తుంది.

న్యాయమూర్తులు రాసే ‘కాంకరింగ్’ తీర్పుకీ ఇదే దారి. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గుర్తుందా? తొమ్మిది మంది న్యాయమూర్తులు, ఆరు విడివిడి అభిప్రాయాలు, ముగింపు ఒక్కటే. అలాంటప్పుడు ‘ఏకీభవిస్తూ విడిగా రాసిన తీర్పు’ అంటే చదివేవాడికి ఏ గందరగోళమూ ఉండదు.

ఇక రాజ్యాంగం. ఏడో షెడ్యూలులోని మూడో జాబితా పేరు ఇంగ్లీషులో ‘కాంకరెంట్ లిస్ట్’. దానికి తెలుగులో ‘ఉమ్మడి జాబితా’ అని పేరు పెట్టినవారికి నేను మనసులో చాలాసార్లు దండం పెట్టుకున్నాను. అక్కడ ‘ఏకకాల జాబితా’ అని రాసి ఉంటే ఎవరికి ఏం అర్థమయ్యేది? ఉమ్మడి కుటుంబం, ఉమ్మడి గోడ, ఉమ్మడి బావి అని మనకు పుట్టుకతో తెలిసిన మాట అది. ఒకే పొలంలోకి కేంద్రమూ రాష్ట్రమూ ఇద్దరూ దిగి దున్నుకోవచ్చునని ఆ మాటే చెప్పేస్తుంది. 1950లో ఆ జాబితాలో 47 అంశాలుండేవి. 1976 నాటి 42వ సవరణతో విద్య, అడవులు, తూనికలు కొలతలు, వన్యప్రాణుల రక్షణ, న్యాయపాలన రాష్ట్ర జాబితా నుంచి ఇందులోకి వచ్చాయి. ఒకే పొలంలో రెండు అరకలు ఢీకొంటే? 254వ అధికరణం ప్రకారం మామూలుగా కేంద్ర చట్టానిదే పైచేయి. రాష్ట్రపతి ఆమోదం పొందిన రాష్ట్ర చట్టానికి ఆ రాష్ట్రంలో మినహాయింపు ఉంటుంది. లాటిన్ మాటలోని కలయికా ఢీకొట్టుడూ రెండూ ఆ ఒక్క జాబితాలో ఉన్నాయి. ముందస్తు బెయిలుకు సెషన్స్ కోర్టుకైనా హైకోర్టుకైనా వెళ్లవచ్చునని చెప్పేటప్పుడు వచ్చే కాంకరెంట్ అధికారానికీ ‘ఉమ్మడి’ బాగా అతుకుతుంది.

ఇప్పుడు శిక్షల దగ్గరికి వస్తాను. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఇక్కడ మాట తప్పితే ఒక ఇంటి లెక్క తప్పుతుంది.

ఒకే విచారణలో ఒక మనిషి మీద మూడు నేరాలు రుజువయ్యాయనుకోండి. ఒకదానికి ఏడేళ్లు, ఇంకోదానికి మూడేళ్లు, మరోదానికి ఏడాది. ఒకదాని తర్వాత ఒకటి నడిస్తే పదకొండేళ్లు. కాంకరెంట్‌గా నడిస్తే మూడూ ఒకే రోజు మొదలవుతాయి, ఏడాదిది ముందు ముగుస్తుంది, తర్వాత మూడేళ్లది, చివరికి ఏడేళ్లకు మనిషి బయటికొస్తాడు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 31వ సెక్షన్ ప్రకారం, కోర్టు ప్రత్యేకంగా చెప్పకపోతే శిక్షలు ఒకదాని తర్వాత ఒకటే. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 25వ సెక్షన్‌లో, నేరాల తీవ్రతను చూసి ఏ పద్ధతో కోర్టే ఆదేశించాలని ఉంది. అంటే తీర్పు చివరి పేరాలోని ఆ ఒక్క మాట మీద నాలుగేళ్లు ఆధారపడి ఉన్నాయి.

నా అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట, నేను ఒక పత్రికలో డెస్కు మీద పనిచేస్తున్నప్పుడు, జిల్లా కోర్టు తీర్పు వార్త నా చేతికొచ్చింది. ‘ఏడేళ్లు, మూడేళ్ల జైలుశిక్షలను కలిపి అనుభవించాలని న్యాయమూర్తి తీర్పు చెప్పారు’ అని రాశాను. నా మనసులో ‘కలిపి’ అంటే రెండూ ఒకేసారి అని. మర్నాడు మధ్యాహ్నం ఒక ముసలాయన ఆ ముక్క కత్తిరించుకుని ఆఫీసుకు వచ్చాడు. ‘పదేళ్లా బాబూ? అప్పటికి నేనుంటానా?’ అన్నాడు. శిక్ష పడిన అబ్బాయి తండ్రి ఆయన. తెలుగులో కలిపితే కూడిక కూడా అవుతుందని, ఏడూ మూడూ కలిపితే పది అని, నాకు అప్పటిదాకా తట్టలేదు. ‘ఏడేళ్లే పెద్దాయనా, తప్పు మాదే’ అని చెప్పి, తీర్పు వివరాలు మళ్లీ కనుక్కుని ఆయనకు కాగితం మీద లెక్క వేసి చూపించాను. సవరణ కూడా వేశాం. ఆయన ముఖం మాత్రం ఇప్పటికీ నాకు కళ్లముందే ఉంది. అప్పటి నుంచి ఈ సందర్భంలో ‘కలిపి’, ‘మొత్తంగా’, ‘వెంటవెంటనే’ అనే మాటల్ని నా పెన్ను దగ్గరికి రానివ్వలేదు.

కాబట్టి ఇక్కడ మీ ‘ఏకకాలం’ సరైనదే, వాడండి. కానీ ఒంటరిగా వదలకండి. ‘ఈ శిక్షలన్నీ ఒకేసారి మొదలై ఏకకాలంలో నడుస్తాయి’ అని రాయండి. ‘నడుస్తాయి’ ఎందుకన్నానంటే, ఇంగ్లీషులో పరుగెత్తేవి మన దగ్గర పరుగెత్తవు. వాళ్లకు శిక్ష పరుగెడుతుంది, మనకు శిక్ష నడుస్తుంది. కేసు నడుస్తుంది, దుకాణం నడుస్తుంది. సినిమా వంద రోజులు ఆడుతుంది, నీళ్లు పారతాయి. ‘శిక్షలు ఏకకాలంలో పరుగెడతాయి’ అని కొత్తవాళ్లు రాసిన కాగితాలు నేను చూశాను. ఇంగ్లీషు క్రియను అలాగే దించితే మాట మనది కాకుండా పోతుంది.

ఇంకో జాగ్రత్త. జరిమానా కట్టకపోతే పడే అదనపు జైలును ఈ ఏకకాలంలో చేర్చకండి. పాత భారత శిక్షాస్మృతి (ఐపీసీ) 64వ సెక్షనే అది మిగతా జైలుశిక్షకు అదనమని చెప్పింది. తీర్పులో రెండూ పక్కపక్క వాక్యాల్లో ఉంటాయి కాబట్టి అనువాదంలో ఒకదానికొకటి అంటుకుపోయే ప్రమాదం ఉంది. జరిమానా వాక్యాన్ని విడిగా, పూర్తి వాక్యంగా రాయండి. రెండు మూడు యావజ్జీవ శిక్షలు పడిన కేసు వస్తే, అవి ఒకదాని తర్వాత ఒకటి నడవవని 2016లో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. మనిషికి ఉన్నది ఒక్క జీవితమే కాబట్టి ఒకదాని మీద ఒకటి పరుచుకుంటాయి.

మీ అమ్మాయి పుస్తకం సంగతి చిన్నదే. మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ గీతలు ఒకే బిందువు గుండా వెళ్తే అవి మిళిత రేఖలు, ఆ చోటు మిళిత బిందువు. ఇంటర్ పుస్తకాల్లో ‘అనుషక్త రేఖలు’ అని కనిపిస్తుంది, కంగారుపడనివ్వకండి. గీతలకు కాలం లేదు, కలయిక ఉంది. రెండు గీతలు కలవడంలో వింత లేదు, సమాంతరంగా లేకపోతే ఎక్కడో ఒకచోట కలిసి తీరతాయి. మూడోది కూడా సరిగ్గా అక్కడికే రావడం వింత. అట్టముక్కతో ఒక త్రిభుజం కత్తిరించి, ప్రతి శీర్షం నుంచి ఎదుటి భుజం నడిబొడ్డుకు గీత గీయమనండి. మూడూ ఒకేచోట కలుస్తాయి. ఆ చోట పెన్సిల్ మొన ఆనిస్తే అట్ట పడకుండా నిలబడుతుంది. అదే గురుత్వకేంద్రం. ఆ మాట ఆ పిల్ల ఇక మరచిపోదు.

మీ తమ్ముడి మాటకు మాత్రం మన దగ్గర ఉన్నంత మంచి ఉదాహరణ ఇంకెక్కడా లేదనిపిస్తుంది నాకు. అష్టావధానం. అవధానిని ప్రశ్నలడిగే ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది (పద్యంలో ఇమడ్చాల్సిన మాటలు), ఒకరు వర్ణన అడుగుతారు, నిషిద్ధాక్షరి వారు ఒక్కో అక్షరానికీ అడ్డం పడుతుంటారు. అప్రస్తుత ప్రసంగి ఎప్పుడు పడితే అప్పుడు మధ్యలో దూరతాడు. గంట కొట్టేవారు కొడుతుంటారు, అవధాని లెక్క పెట్టుకోవాలి. అవధాని ఒకరికి పద్యంలో ఒక పాదం చెప్పి ఆపి, రెండోవారి దగ్గరికి వెళ్లి, మళ్లీ ఆవృత్తిలో, అంటే తర్వాతి చుట్టులో, మొదటివారి దగ్గరికి వచ్చి రెండో పాదం అందుకుంటారు. నాలుగు ఆవృత్తులయ్యాక ధారణ, అంటే ఆ పద్యాలన్నీ గుర్తుంచుకుని అప్పజెప్పడం. గమనించండి, ఏ క్షణంలోనూ ఆయన రెండు పద్యాలు ఒకేసారి చెప్పడం లేదు. నోరు ఒకటే. అయినా ఎనిమిది పనులూ మొదలై, ఏదీ ముగియకుండా, అన్నీ సాగుతున్నాయి. ఇదే కాంకరెన్సీ. ఎనిమిది మంది కవులను ఎనిమిది గదుల్లో కూర్చోబెట్టి తలో పద్యం చెప్పమంటే అది ప్యారలల్. ‘ఒకేసారి జరగడం కాదక్కా’ అని మీ తమ్ముడు అన్నది ఈ తేడానే. ఒకే ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్ కూడా అవధానిలాగే ఈ పని కొంత, ఆ పని కొంత చేస్తూ తిరుగుతుంది. అలా సాగే పనుల్లో రెండు ఒకే చోట చేయి పెట్టకుండా ఎలా ఆపాలన్న చిక్కును డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1965లోనే ఒక చిన్న వ్యాసంలో విప్పి చూపించాడు. రైల్లో మిగిలిన ఒక్క బెర్తును ఇద్దరు ఒకే క్షణంలో నొక్కితే ఒక్కరికే దక్కాలి కదా, ఆ చిక్కూ ఈ జాతిదే. ఈ రంగంలో ఏమైనా అనువదించాల్సి వస్తే ‘ఏకకాల’ వద్దు. ‘పనులు కలగలిసి సాగడం’ అనండి, లేదా కాంకరెన్సీ అనే ఉంచేయండి.

మరి నిజంగా కాలం గురించే చెప్పే ఇంగ్లీషు మాట ఏదంటారా, అది ‘సైమల్టేనియస్’. లాటిన్ ‘సిముల్’ నుంచి 17వ శతాబ్దంలో వచ్చింది. సిముల్‌కు మన సంస్కృత ‘సమ’ దూరపు చుట్టం, ఒకే మూలం నుంచి వచ్చినవి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత న్యూరెంబర్గ్ విచారణల్లో ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్, జర్మన్ నాలుగింటిలో సాక్షి మాట్లాడుతుండగానే చెవిలో అనువాదం వినిపించేవారు. అది ‘ఏకకాల అనువాదం’. మీ ‘ఏకకాల’ను దాచుకోవలసింది ఇలాంటి చోట్లకు. ‘సింక్రనస్’ గ్రీకు మాట, అందులో కాలం పేరే ఉంది. ‘కోఇన్సిడెన్స్’లో ఉన్నది పడడం, రెండు కలిసి పడడం. దానికి మన పెద్దలు కాకతాళీయం అన్నారు. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకే క్షణాన జరిగాయి. ఎవరూ ఎవరి కోసమూ పరుగెత్తలేదు. లాటిన్ వాడు వట్టి ‘పడడం’ దగ్గర ఆగిపోయాడు, మనవాళ్లు కాకిని, తాటిచెట్టును తెచ్చి చూపించారు. పాత వ్యాఖ్యానాల్లో ‘యుగపత్తుగా’ అని కూడా చూస్తారు. అక్కడ ‘యుగం’ అంటే కాడి. ఒకే కాడి కింద రెండు ఎడ్లు పక్కపక్కన నడవడం. ఇంగ్లీషు ‘యోక్’ కూడా ఆ మూలం నుంచే. చెవికి బరువైన మాట కాబట్టి తీర్పుల్లో వాడమని చెప్పను గానీ, కాంకరెంట్ శిక్షలకు ఇంతకన్నా సరిపోయే బొమ్మ నాకు దొరకలేదు.

ఇక పాత కాగితాల సంగతి. ఆస్తి దావాలు, రెండో అప్పీళ్లలో మీరు ‘ఏకకాల నిర్ధారణలు’ అని రాసినవి తప్పే, కానీ వాటివల్ల ఎవరికీ వెంటనే నష్టం జరగదు, తీరిగ్గా దిద్దుకోవచ్చు. మీ పెద్దాయనకు చెప్పి ఆయన సాయం తీసుకోండి. అలా కాగితం ముందు పెట్టి అడిగేవారు దొరకడం ఈ పనిలో చాలా అవసరం. ముందు మాత్రం శిక్షలున్న తీర్పులన్నీ బయటికి తీయండి. ప్రతిదాన్లో చివరి పేరా చదివి, ఆ వాక్యాన్ని బట్టి మనిషి ఎన్నేళ్లకు బయటికొస్తాడో కాగితం మీద లెక్కవేయండి. తర్వాత ఇంగ్లీషు తీర్పు చూసి అదే లెక్క మళ్లీ వేయండి. రెండు అంకెలూ కలవని కాగితం ఒక్కటున్నా దాన్ని ఆ రోజే దిద్ది పంపించండి.